ఆ పుస్తకం చిరగలేదండి

రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ ఫ్యాను కింద కూర్చుంటే నా మాట మీకు సగమే వినపడుతుంది. లైబ్రరీల్లో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలకి నా అనుభవం నాలుగు ముక్కలు రాసిపెట్టమన్నారు. రాయడం నాకు అంతంతమాత్రం, చెప్పడమే వచ్చు. అందుకని మీరు దీన్ని చదువుతున్నట్టు కాకుండా వింటున్నట్టు కూర్చోండి. మధ్యలో నాకు కోపం వస్తుంది. వస్తే రానివ్వండి.

నేల తుడిచే మనిషి ఎత్తు

నా చదువు ఐదో తరగతి. మా ఆయన గోదావరి జిల్లా నుంచి విశాఖపట్నం పోర్టులో పనికి వస్తే ఆయన వెంట వచ్చాను. తొంభైల మొదట్లో ఫిషింగ్ హార్బరు వైపు ఒక బ్రాంచి లైబ్రరీలో నాకు పని దొరికింది. గది ఊడవడం, బల్లలు తుడవడం, కుండలో నీళ్ళు పట్టడం, తిరిగొచ్చిన పుస్తకాలు ర్యాకుల్లో సర్దడం. అదీ నా ఉద్యోగం. రెండువేల సంవత్సరం దాటాక కూడా చాలా ఏళ్ళు చేసి దిగిపోయాను.

పుస్తకాలు ఇవ్వడం నా పని కాదు. అది లైబ్రేరియన్ శేషగిరిగారి పని. కానీ ఆయన కళ్ళద్దాల పైనుంచి చూసేవారు. ఆ చూపు దాటి బీరువా దాకా వచ్చిన పిల్ల ఒక్కర్తీ లేదు. నేను గొంతుక్కూర్చుని నేల తుడుస్తూ వాళ్ళ ఎత్తులోనే ఉండేదాన్ని. అందుకని నన్నడిగేవారు.

"ఆయమ్మా, మంచి పుస్తకం ఏటుంది?"

వాళ్ళు ఆయమ్మ అన్నది నేను ఆయాని అని కాదు. మా గోదావరి వాళ్ళం మాటకి ముందొకసారి, వెనకొకసారి "ఆయ్" అంటాం కదా, అందుకు. ఒకడు గుమ్మంలోంచి "ఆయ్!" అని అరిచి పారిపోయేవాడు. నేనూ "ఆయ్, రండి బాబూ, మీ కోసమే చూస్తున్నాను" అనేదాన్ని. సిగ్గుపడి లోపలికి వచ్చేసేవాడు.

శేషగిరిగారు చేరిన కొత్తలో నాకొక ఆర్డరు వేశారు. "చేపల చేతులతో పుస్తకాలు ముట్టుకోనివ్వకమ్మా." హార్బరు పిల్లలు బడి నుంచి వచ్చి, ఎండు చేపలు తిరగేసి, అటునుంచి అటే లైబ్రరీకి వచ్చేవారు. వాసన ఉంటుంది, లేదనను. గుమ్మం పక్కన బకెట్టు నీళ్ళు, చెంబు, సబ్బు పెట్టాను. హార్బరు పిల్లల ఒక్కళ్ళ చేతే కడిగించలేదు. పోర్టు ఆఫీసర్ల పిల్లలూ కడుక్కోవాల్సిందే. ఒకాయన వచ్చి "మా వాడి చేతులు శుభ్రంగానే ఉన్నాయి కదమ్మా" అన్నారు. "పుస్తకానికి ఆ సంగతి తెలీదండి" అన్నాను. ఒక్కరినే నిలబెట్టి కడిగిస్తే అది శుభ్రం కాదు, అవమానం. ఈ ముక్క ఎక్కడైనా రాసుకోండి.

ఐదో తరగతి మనిషి పుస్తకాలు ఎలా చదివింది?

చదవలేదు, విన్నాను. నేను చదివితే అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి, పేజీకి ఒక పూట పడుతుంది. కానీ ఒకసారి విన్నది నాకు పోదు. మా అమ్మ వడ్లు దంచుతూ చెప్పిన కథలు, ఏ మాట దగ్గర రోకలి ఆగిందో దాంతో సహా చెప్పగలను.

అందుకని ఒక పద్ధతి పెట్టాను. పుస్తకం తిరిగి ఇచ్చే పిల్ల నాకు ఆ కథ చెప్పాలి. పరీక్ష కాదు, ఊరికే చెప్పాలి. అలా ఒకే పుస్తకం పదిమంది నోట వినేదాన్ని. పదిమందీ పది కథలు చెప్పేవారు. ఒకడు కుక్క సంగతే చెబుతాడు. ఒకమ్మాయి పెళ్ళి దగ్గర ఆపేస్తుంది. ఒక పిల్లవాడు కథలో తండ్రి తాగి వచ్చే పేజీ ఒక్కటీ దాటేసి చెబుతాడు. ఎక్కడ దాటేశాడో అక్కడే వాడి ఇల్లు ఉందని నాకు తెలిసిపోయేది. ఆ తర్వాత వాడికి ఏ పుస్తకం ఇవ్వాలో ఎవరినీ అడగక్కర్లేదు.

ఇప్పుడు పుస్తకాల మీద వయసు అచ్చువేస్తున్నారట, ఎనిమిది నుంచి పదకొండు అని, పన్నెండు నుంచి పదిహేను అని. చెప్పు సైజుకి పనికొస్తుందేమో. మీరు మాత్రం పిల్ల నోట కథ వినండి.

మంచి పుస్తకాల బీరువా

శేషగిరిగారు చెడ్డవారు కారు. పుస్తకాలంటే ప్రాణం. ఆ ప్రాణం పిల్లలకి ఎక్కడ అంటుకుంటుందోనని భయం. పిల్లల ర్యాకుల్లో ఆయన పెట్టించినవన్నీ నీతి కథలు, జనరల్ నాలెడ్జి, మహానుభావుల బాల్యం. ఆ మహానుభావుల్లో ఒక్కడు కూడా చిన్నప్పుడు ఎవరి జామకాయా కోసినట్టు లేదు.

తల్లిదండ్రులూ ఆయన పక్షమే. స్టీలు ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చిన ఒకాయన కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "దీనికి ఎంసెట్‌కి పనికొచ్చేది ఏదైనా ఇవ్వండి" అన్నారు. ఆ పిల్ల ఏడో తరగతి. "ఆయ్, ఇస్తానండి" అని ఆయనకి కనపడేలా లెక్కల పుస్తకం ఇచ్చాను. దాని కింద ఇంకో పుస్తకం పెట్టి ఇచ్చాను. ఇది తప్పని ఎవరైనా అంటే, సరే తప్పే. చేశాను.

నూకరత్నం అనే పిల్ల

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ ఒక్కటి చెప్పడానికే ఇంతసేపూ కూర్చోబెట్టాను.

నూకరత్నం హార్బరు పిల్ల. ఎనిమిదో తరగతి. తండ్రి ఎర్రయ్య మరబోటు మీద వేటకి వెళ్ళేవాడు, వెళితే పది పన్నెండు రోజులు. తల్లి, నాయనమ్మ చేపలు అమ్మేవారు. ఈ పిల్లకి గొంతు పెద్దది. చదివితే మనసులో చదవడం తెలీదు. నా ఎదురుగా నేల మీద కూర్చుని పైకి చదివేది, నేను వినేదాన్ని. సగం లైబ్రరీ నా తలలోకి ఎక్కింది దాని గొంతుతోనే.

ఒకరోజు పుస్తకం నా ఒళ్ళో పడేసి, "ఆయమ్మా, ఈ పుస్తకాల్లో గుంటలందరూ ఆకరికి మంచోళ్ళైపోతారు. నాకు బోరు కొడతంది" అంది. గుంటలంటే వాళ్ళ మాటలో పిల్లలు.

"మరి ఏమవ్వాలంటావు?"

"ఏటో అవ్వాల. నిజంగా అయినట్టు అవ్వాల."

పెద్దల ర్యాకులో ఒక పాత పుస్తకం ఉండేది, నీలం అట్టది. అచ్చుతప్పులు బోలెడు, రాసినాయన పేరున్న పేజీ కూడా ఎప్పుడో పోయింది. ఏటి మీద పడవ నడిపే ఒకతని కూతురి కథ. వరదరోజు తండ్రి అవతలి ఒడ్డుకి వెళతాడు. ఊళ్ళోవాళ్ళంతా జాలిపడి ఆ పిల్లకి అబద్ధాలు చెబుతుంటారు. మీ నాన్న పట్నం వెళ్ళాడు, పండక్కి వస్తాడు అని. ఒకరోజు ఆ పిల్ల రేవులో నిలబడి ఊరంతటికీ వినపడేలా "మా నాన్న రాలేదు" అంటుంది. అక్కడినుంచి కథ నడుస్తుంది. అదే తీసి ఇచ్చాను.

ఇచ్చేముందు ఒక్కమాట అడగాల్సింది, అడగలేదు. ఈ ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్లో పెద్దది అదే.

నోటితో అనకూడని మాట

రెండురోజుల తర్వాత, పొద్దున్న తొమ్మిదింటికి, నూకరత్నం నాయనమ్మ పోలమ్మ తలమీద చేపల బుట్టతో సహా లోపలికి వచ్చింది. పేపరు చదువుకునేవాళ్ళంతా తల ఎత్తారు.

"ఎవుర్తే ఇక్కడ ఆయమ్మ?"

"నేనేనండి. కూర్చోండి."

"కూకోడానికి ఒచ్చేనేటి? మా గుంటకి ఏటి పుస్తకం ఇచ్చేవమ్మా నువ్వు? పొద్దుగూకే ఏల ఇంట్లో కూకోని గొంతెత్తి సదివేత్తంది. నాన్న... ఆ మాట నాను నోటితో అనను."

"ఏ మాటండి?"

"నన్నడుగుతావేటి? నువ్విచ్చిన పుస్తకంలోదే."

నాకు నిజంగా అర్థం కాలేదు. ఆలోచించి, "రాలేదు అనాండి?" అన్నాను.

పోలమ్మ బుట్ట కింద పెట్టి రెండు చెవులూ మూసుకుంది. "ఓలమ్మో! మల్లీ అంతందే! నా కొడుకు సముద్రం మీదున్నాడే! ఆరు రోజులైంది ఎల్లి!"

అప్పుడు చెప్పింది. మనిషి వేటలో ఉండగా ఆ ఇంట్లో ఆ మాట అనరట. ఎవరైనా వచ్చి మీ ఆయన వచ్చాడా అని అడిగితే 'ఒస్తన్నాడు' అంటారట. అప్పుడే బోటు కదిలినా సరే, ఒస్తన్నాడే.

"ఇన్నాళ్ళై హార్బరు కాడ ఉంటన్నావు, తెలీదేటి నీకు?"

"తెలీదండి. మాది గోదావరి."

"గోదాట్లో పడవలెల్లవేటి?"

"వెళ్తాయండి. సాయంత్రానికి వచ్చేస్తాయి."

"అదీ!" అంది పోలమ్మ. కొంగులోంచి పుస్తకం తీసి బల్ల మీద పడేసి, బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. శేషగిరిగారు నావైపు కళ్ళద్దాల పైనుంచి చూశారు.

ఆవిడ వచ్చి వెళ్ళిన మూడోరోజు నుంచి గాలి పట్టింది. హార్బరులో ప్రమాద సూచిక ఎగరేశారు. బోట్లు ఒక్కొక్కటే వచ్చాయి, కొన్ని అద్దాలు పగిలి, కొన్ని వలలు పోగొట్టుకుని. ఎర్రయ్య వెళ్ళిన బోటు తప్ప అన్నీ చేరాయి.

గాలి పట్టిన తొమ్మిదోరోజున జెట్టీ మీద, వందమంది ఉండగా, పోలమ్మ మనవరాలి జుట్టు పట్టుకుంది. "నీ నోరే నా కొడుకుని తినేసిందే" అంది. కడుపు మండిన మనిషి అన్న మాట. అని ఆవిడ మరిచిపోయిందేమో. నూకరత్నం మరిచిపోలేదు. ఆ రోజు నుంచి నోరు విప్పడం మానేసింది.

ఒక నెల కాదు, నాలుగు నెలలు. బడిలో హాజరు పిలిస్తే పలికేది కాదు. పలకకపోతే పంతులుగారు ఆబ్సెంటు వేసేవారు. పిల్ల బెంచీ మీద ఎదురుగా కూర్చునే ఉండేది, రిజిస్టర్లో లేదు. ఇలాగే ఉంటే పేరు తీసేస్తామన్నారు. ఇంట్లో తల్లి గాజులు తియ్యలేదు, బొట్టు తియ్యలేదు. అడిగినవాళ్ళకి "ఒస్తన్నాడు" అనే చెప్పేది. ఆ ఇంట్లో ఎవరూ ఏడవడానికి లేదు. ఏడిస్తే ఆ మాట అన్నట్టే.

సాయంత్రం పూట నూకరత్నం లైబ్రరీకి వచ్చేది. బకెట్టు దగ్గర చేతులు కడుక్కునేది. నా ఎదురుగా నేలమీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకునేది. ఏ పుస్తకం ఇచ్చినా ముట్టుకునేది కాదు. తన గొంతుతో బోటు ముంచేశానని నమ్మిన పిల్లకి మీరైతే ఏ నీతి కథ ఇస్తారు? ఏ జనరల్ నాలెడ్జి ఇస్తారు?

మైదా జిగురు

శేషగిరిగారు ఈలోపు తన పని తను చేశారు. ఏడాదికోసారి పనికిరాని పుస్తకాలు కండెమ్ చేస్తారు, మీకు తెలుసు కదా. చిరిగినవి, చెదలు తిన్నవి జాబితా రాసి తీసేస్తారు. లైబ్రరీలో ఒక పుస్తకాన్ని పొమ్మనడానికి ఎవరూ గొడవపడక్కర్లేదు. చిరిగినది అని రాస్తే చాలు. నీలం అట్ట పుస్తకం ఆ గుట్టలో పైనే ఉంది.

"ఇది చిరగలేదండి" అన్నాను.

"వెనక అట్ట ఊడింది కదమ్మా."

"అట్ట ఊడితే అతికించుకోవాలండి. చెప్పు తెగిందని కాలు తీసేయరు కదా."

ఆయన పెన్ను కింద పెట్టారు. "సుబ్బలక్ష్మమ్మా, జరిగింది చాలదా? పిల్లలకి చావులూ ఏడుపులూ ఎందుకు? ఆ పుస్తకం వల్ల ఒక కుటుంబం ఎంత బాధపడుతోందో చూస్తున్నావు కదా?"

"బోటు గాలికి పోయిందండి, పుస్తకానికి కాదు. మీరు కూడా పోలమ్మగారిలాగే అంటే ఎలా? మీరు ఎం.ఏ. చదివారు."

ఆయన మొహం ఎర్రబడింది. నేను పుస్తకం కొంగులో చుట్టి ఇంటికి తీసుకెళ్ళాను. మైదా ఉడికించి అందులో చిటికెడు మైలుతుత్తం వేసి జిగురు చేశాను. మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు. వలలు బాగుచేసే ముసలాయన్ని అడిగి నైలాను దారం తెచ్చుకున్నాను. దబ్బనంతో కుట్టాను, అట్ట వేశాను, రోలు కింద పెట్టి ఆరబెట్టాను. మర్నాడు ఆయన బల్ల మీద పెట్టాను.

"చూపించండి, ఎక్కడ చిరిగిందో."

తిరగేశారు. రెండు చేతులతో లాగి చూశారు. వల దారం అండి అది, ఆయన చేతికి లొంగుతుందా?

"ఇది మొండితనం."

"ఆయ్, మొండితనమేనండి."

జాబితాలోంచి కొట్టేశారు. కానీ పిల్లల కంట పడకూడదని లోపలి బీరువాలో పెట్టి తాళం వేయమన్నారు. తాళం నాచేతికే ఇచ్చారు. తాళాలు నా దగ్గర కాక ఎవరి దగ్గర ఉంటాయి?

శుక్రవారం

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి, మీ దగ్గర కాదు, పోలమ్మ దగ్గర. మొదటిసారి వాళ్ళింటికి వెళితే గుమ్మంలోనే ఆపేసింది. "ఆ పుస్తకం పేరు కూడా నా గడపలోకి తేకు" అంది. రెండోసారి తెల్లారకముందే హార్బరుకి వెళ్ళాను. చేపల వేలంపాట జరుగుతోంది, ఐసు ముక్కలు కాళ్ళకింద జారుతున్నాయి. పోలమ్మ పాట ఆపలేదు. నేను పక్కనే నిలబడ్డాను. జనం కాస్త పలచబడ్డాక ఆవిడే అంది.

"మల్లీ ఒచ్చేవా? సిగ్గు లేదేటి?"

"లేదండి. పుస్తకం ఇచ్చినందుకు క్షమించమనను. రోజు చూసుకోకుండా ఇచ్చాను, దానికి క్షమించమంటాను. మీ ఇంట్లో మనిషి సముద్రం మీద ఉన్నాడా అని అడగాల్సింది. తప్పు నాది. పిల్లది కాదు."

ఆవిడ చేతిలో చేప కింద పెట్టింది.

"ఇంట్లో నోరిప్పట్లేదమ్మా అది. అన్నం కావాలంటే కంచం ముందుకు తోస్తది. నాయినమ్మా అనదు." తర్వాత అడిగింది, "ఆ పుస్తకంలో గుంట మాటాడతాదేటి?"

"మాట్లాడుతుందండి. ఊరందరికంటే గట్టిగా."

"ఎవుళ్ళూ లేనప్పుడు ఇనిపిత్తావా నాకు?"

మా లైబ్రరీకి శుక్రవారం సెలవు. సెలవురోజు తలుపు తియ్యకూడదు. శుక్రవారం పదింటికి తీశాను. పోలమ్మ బుట్ట లేకుండా వచ్చింది, ఉతికిన చీర కట్టుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని. ఇద్దరూ బకెట్టు దగ్గర చేతులు కడుక్కున్నారు. నీలం అట్ట పుస్తకం తీసి నూకరత్నం ముందు పెట్టాను. పిల్ల చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

సరే, నేనే మొదలుపెట్టాను. నా చదువు మీకు చెప్పాను కదా. వేలు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడదీసి, చెమటలు పడుతుంటే చదువుతున్నాను. ఏరు అన్నచోట ఎరువు అన్నాను. పడవవాడు ఎరువు దాటాడు. పోలమ్మ "ఎరువు దాటడమేటి?" అంది. నేను ఇంకా ముందుకి వెళ్ళి, తెడ్డుని తిడ్డు అన్నాను.

"తెడ్డు," అంది నూకరత్నం.

నేను తల ఎత్తలేదు. ఎత్తితే పోతుందని భయం. "ఏంటమ్మా?"

"అది తెడ్డు ఆయమ్మా. తిడ్డు కాదు. ఇలాగ సదివితే పొద్దుగూకిపోతాది." గొంతు గీరుకుపోయి ఉంది, వాడక మూలపడిన బావి గిలకలాగ. పుస్తకం నా చేతిలోంచి లాక్కుంది. చదవడం మొదలుపెట్టింది.

వరద వచ్చింది. తండ్రి అవతలి ఒడ్డుకి వెళ్ళాడు. ఊళ్ళోవాళ్ళు అబద్ధాలు చెప్పారు. పోలమ్మ మోకాళ్ళు పట్టుకుని కూర్చుని వింటోంది. కథలో పిల్ల రేవులోకి వచ్చింది. నిలబడింది. నూకరత్నం గొంతు ఆగిపోయింది. పేజీ మీద వేలు పెట్టుకుని అలాగే ఉండిపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడంలేదు.

"సదువు," అంది పోలమ్మ.

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"సదవ్వే."

"సదవను నాయినమ్మా. సదివితే..."

పోలమ్మ లేచింది. కిటికీలోంచి బోట్ల జెండాలు కనపడతాయి, అటు తిరిగి నిలబడి, వేలం పాడేటప్పుడు ఎంత గట్టిగా అరుస్తుందో అంత గట్టిగా అంది. "నాను సెప్తన్నాను. నా ఎర్రయ్య రాలేదు. నా కొడుకు రాలేదు! ఇన్నావేటే గుంటా? నువ్వు సదివినందుకు కాదు. గాలొచ్చినందుకు. ఆ దినం నాను అన్నమాట ముండమాట. దాన్ని సముద్రంలో పారేయి."

నూకరత్నం నాయనమ్మ ఒళ్ళో పడి ఏడ్చింది. నాలుగు నెలల ఏడుపు. పోలమ్మా ఏడ్చింది. నేను మంచినీళ్ళ కుండ దగ్గర నిలబడి నా పని నేను చూసుకుంటున్నట్టు నటించాను. కాసేపటికి పోలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, మామూలు గొంతుతో అడిగింది.

"ఊఁ. తరవాతేటైంది ఆ గుంట? సదువు."

మధ్యాహ్నం దాకా చదివింది. పుస్తకం అయిపోయింది. సోమవారం బడిలో హాజరు పిలిస్తే వీధి చివరికి వినపడేలా పలికిందని దాని పంతులుగారే చెప్పారు. ఆ నెలలోనే వాళ్ళింట్లో ఎర్రయ్యకి చెయ్యాల్సినవి చేశారు.

మీకు చెప్పేది

సెలవురోజు లైబ్రరీ తెరిచానని నన్ను సంజాయిషీ అడిగారు. తను రాసిస్తే సంతకం పెడతావా అన్నారు శేషగిరిగారు, పాపం, నాకు తేలికవుతుందని. వద్దన్నాను. నేనే నా అక్షరాలతో రాశాను. "తెరిచిన మాట నిజం. అవసరం పడితే మళ్ళీ తెరుస్తాను." రెండు వాక్యాలకి గంట పట్టింది. ఆయన చదివి, సొరుగులో పెట్టుకున్నారు. పైకి పంపారో లేదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన బదిలీ అయ్యాక ఇంకో ఇద్దరు వచ్చారు. ఇద్దరూ నీలం అట్ట పుస్తకాన్ని చిరిగినదని రాశారు. రెండుసార్లూ మళ్ళీ కుట్టాను. ఈలోపు చాలామంది పిల్లలు దాన్ని చదివారు. ఎవరూ పాడైపోలేదు.

నూకరత్నం ఏమైందని అడుగుతారు, నాకు తెలుసు. పెద్ద ఉద్యోగం వచ్చిందా, పేపర్లో పడిందా అని. ఎందుకండీ? కథల పుస్తకం ఇచ్చినందుకు పిల్లలు కలెక్టర్లైపోవాలా? అన్నం పెట్టినప్పుడు అలా అడగరు కదా. అది బాగుంది. చేపల పాటలో దాని గొంతుని మించిన గొంతు లేదు, తూకంలో మోసం చేస్తే ఎంతటివాడినైనా నిలబెట్టి అడుగుతుంది. పిల్లలిద్దరికీ చదివి వినిపిస్తుంది. నాకు అది చాలు.

నేను నేర్చుకున్నది ఇంతే. పుస్తకం ఇచ్చేముందు పిల్ల ఇంట్లో ఇవాళ ఏం జరుగుతోందో అడగండి. మనిషి సముద్రం మీద ఉన్నాడా, తల్లి ఆసుపత్రిలో ఉందా, నాన్న కొత్త ఊరికి బదిలీ అయ్యాడా. నేను ఆ తర్వాత అడగకుండా ఒక్క పుస్తకమూ ఇవ్వలేదు. అడిగాక, ఇవాళ వద్దనిపిస్తే ఇవాళ ఇవ్వకండి. రేపు ఇవ్వండి. కానీ ఎప్పటికీ ఇవ్వకుండా తాళం వెయ్యకండి. చావు ఉందని, అబద్ధం చెప్పే పెద్దవాళ్ళు ఉన్నారని, తల్లిదండ్రులకీ భయం వేస్తుందని పిల్లలకి మనకంటే ముందే తెలుసు. తెలీనట్టు నటించేది మనం. ఆ నటన వాళ్ళని ఒంటరివాళ్ళని చేస్తుంది.

మీ పైవాళ్ళు మంచి పుస్తకాల జాబితా ఇస్తారు. తీసుకోండి, నమస్కారం పెట్టండి, పాటించాల్సినంత పాటించండి. ఏ పుస్తకాన్నైనా పిల్లలకి పనికిరాదని తీసేయమంటే మాత్రం, మీరు చదివారాండి అని ఒక్కసారి అడగండి. వినయంగానే అడగండి. నేను అడిగినవాళ్ళలో చదివినవాళ్ళు ఎవరూ లేరు. నాకు ఐదో తరగతి దాటని చదువుతోనే ఆ ప్రశ్న అడగడానికి నోరొచ్చింది. డిగ్రీలున్న మీకు రాదా?

ఇక లేవండి, పొద్దెక్కింది, మీ పనులు మీకుంటాయి. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ వంటింట్లో పొయ్యి ఆరకూడదు, మీ పిల్లలకి ఆకలేస్తే అన్నం, అడిగితే నిజం దొరకాలి. మీ ఇంట్లో ఏ చిన్న నోరూ భయపడి మూతపడకూడదు. ఆయ్, వెళ్ళిరండి.